ఎర్ర పలక అవతల ఓక్ మొక్కలు

స్టారిగాయ్,
నవంబరు 15, 1998

ఒరేయ్ వింకో,

ఇల్లు చేరాం. ఫోన్ చేయలేదని కోప్పడకు. ఊళ్లో స్తంభాలున్నాయి గానీ వాటికి తీగల్లేవు. పోస్టాఫీసులో ఒక్క ఫోన్ ఉంది, దాని పక్కనే పోస్టమ్మ యాగొద కూర్చుని ఉంటుంది. ఆవిడ వినేలా మాట్లాడ్డం కంటే చర్చి గంట కొట్టి చెప్పడం నయం. అందుకని ఉత్తరమే.

ఇంటికి పైకప్పు ఉంది. తలుపులు లేవు. పొయ్యి ఉంది, దాని మూత ఎవరో పట్టుకెళ్లారు. పొయ్యి వదిలేసి మూత ఎత్తుకెళ్లినవాడు దాంతో ఏం చేసుకున్నాడో అని మీ బావ రోజూ ఆశ్చర్యపోతున్నాడు.

నాన్న అడవి చూడ్డానికి వెళ్లాం. అడవి లేదురా. యుద్ధంతో మనం ఊళ్లో లేని ఆ ఏడేళ్లలో ఓక్ చెట్లన్నీ కొట్టేశారు. కాలవ గట్టు మీంచి చూస్తే మొద్దులూ, వాటి మధ్య ముళ్ల తుప్పలూ. గట్టు మీదే ఎర్ర పలక పాతారు, పుర్రె బొమ్మతో. లోపల మందుపాతరలున్నాయట. మీ బావ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను "పద, చలిగా ఉంది" అన్నాను. కదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. బుధవారం అటవీ శాఖ లారీ వచ్చింది. అడవి పోయినవాళ్లకి ఓక్ నారు ఉచితంగా ఇస్తున్నారు. మీ బావ అందరికంటే ముందు నిలబడి ఇంత లావు కట్ట మోసుకొచ్చాడు. కుండీల్లేవు, మట్టి లేదు. పెన్సిల్ అంత లావు పుల్లలూ, వాటి కింద వేళ్లు బయటికి వేలాడుతూ, చుట్టూ తడి గోనెపట్టా.

"ఎక్కడ నాటుతావయ్యా?" అన్నాను.

"ఎక్కడేమిటే, అడవిలో."

"అడవిలో పుర్రె బొమ్మ ఉంది."

"మార్చి దాకా ఆగుతాయిలే. ఈలోపు వాళ్లొచ్చి తీసేస్తారు."

ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు, అడిగితే చెప్పడు. పెరట్లో గాడి తవ్వి మొక్కలన్నిటినీ వాలుగా పడుకోబెట్టి వేళ్ల మీద మట్టి కప్పాడు. అవి అలా నిద్రపోతాయట. చిగురు ఉబ్బేలోపు మాత్రం లేపి నాటాలి.

నువ్వు జాగ్రెబ్‌లోనే ఉంటావు కదా. ఆ మందుపాతరలు తీసే ఆఫీసుకి వెళ్లి మన వంతు ఎప్పుడో కనుక్కో. ఆ అడవిలో సగం నీది కూడా.

నెవెంకాకీ పిల్లలకీ ముద్దులు.

నీ అక్క రూజ


జాగ్రెబ్,
డిసెంబరు 12, 1998

అక్కా,

డ్యూటీ దిగి ట్రామ్ యూనిఫాంతోనే ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ నన్ను చూసి "మా వీధిలోకి కొత్త లైను వేస్తున్నారా?" అంది. మంచి మనిషే. గోడ మీద పటం చూపించింది. అక్కా, మన ప్రాంతమంతా ఎరుపే. నేను మన కాలవ మెలిక ఎక్కడుందో వెతుక్కుని వేలు పెడితే, "ముందు ఇళ్లు, తర్వాత పొలాలు, అడవులు చివర" అంది.

"చివరంటే?"

"చివరంటే చివరేనండి."

బావకి చెప్పు. ఆ మొక్కలు పెరట్లోనే నాటేయమను. బఠాణీలు వేసేచోట ఓక్ చెట్లుంటే ఏం, నీడలో కూర్చుని ప్లమ్ సారా తాగొచ్చు. నీడొచ్చే నాటికి బావకి నూట ఇరవై ఏళ్లొస్తాయి, అది వేరే సంగతి.

నవ్వడానికి రాశాను, కోప్పడొద్దు. నెవెంకా గసగసాల రొట్టె చేసి పంపుతోంది. దారిలో ఎండిపోతే పాలల్లో ముంచుకు తినండి.

వింకో


స్టారిగాయ్,
మార్చి 28, 1999

వింకో,

ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

జనవరిలో పక్కింటి మాతియా కట్టెల కోసం అడవి అంచుకి వెళ్లాడు. పలక దాటి ఎంతో దూరం కూడా పోలేదు. పాదం పోయింది. దుప్పట్లో చుట్టి మోసుకొచ్చినవాళ్లలో మీ బావ కూడా ఉన్నాడు. ఆ దుప్పటి ఉతికింది నేనే. ఇక మీ బావకి బుద్ధొచ్చిందిలే అనుకున్నాను.

నువ్వు రాసింది చదివి వినిపించాను. 'చివర' అన్న మాట దగ్గర లేచి వెళ్లిపోయాడు. సారా మాట దగ్గర నవ్వుతాడేమో అనుకున్నా, అప్పటికే పెరట్లో ఉన్నాడు. వేసవి గాలి ముందే తిరిగింది ఈసారి. గాడిలో మొక్కల కొసలు ఉబ్బుతున్నాయి. రోజూ వంగి చూడ్డం, నిట్టూర్చడం. "పెరట్లో పెట్టవయ్యా, వింకో చెప్పాడుగా" అంటే, "పెరట్లో ఓక్ పెట్టేది పట్నం వాళ్లు" అన్నాడు.

శనివారం పొద్దున నేను కోళ్లకి గింజలేసి వచ్చేసరికి మనిషి లేడు, మొక్కల బకెట్టు లేదు, పార లేదు. పరిగెత్తాను. గట్టు మీదికి వెళ్లేసరికి పలక అవతల, మొద్దుల మధ్య ఉన్నాడు.

"బర్తొల్! వెనక్కి రా!"

"అరవకే. పందులు నడిచిన దారినే వచ్చా. అడవిపందులు ఇటే తిరుగుతాయి, వాటికేం కాలేదుగా."

"నువ్వు పందివా?"

"ముప్పై ఎనిమిదేళ్లుగా నువ్వే అంటున్నావుగా!"

నవ్వు రాలేదు తమ్ముడూ. నేనొస్తానంటే ఒప్పుకోడు, నేను వెళ్లనూ లేను. కాలవ గట్టు మీద కూర్చుని "ఈల వెయ్యి, వినిపించేలా వెయ్యి, ఆపావంటే నేనూ లోపలికి వచ్చేస్తాను" అని అరిచాను. వేశాడు. ఆయనకొచ్చింది మా పెళ్లిలో వాయించిన ఒక్క పాటే, అదీ అపశ్రుతిలో.

మొక్క నాటడం నీకు తెలుసుగా. పారతో నేలలో చీలిక చేసి, వేళ్లు మెలిక పడకుండా నిలువుగా దించి, గాలి మిగలకుండా పక్కన మడమతో గట్టిగా తొక్కాలి. తొక్కుతున్నాడు వింకో. ఒక్కో మొక్కకీ తొక్కుతున్నాడు. ప్రతి తొక్కుడూ నాకు వినిపించింది. మధ్యాహ్నం ఆగి రొట్టె కూడా తిన్నాడు అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, నోరు నిండా ఉంది గనక ఈల వేయలేదు. ఆ కాసేపట్లో నేను ఏమయ్యానో దేవుడికి తెలుసు.

మొత్తం కట్ట నాటేసే వచ్చాడు. బూట్లు విప్పి పడుకున్నాడు. నేను గిన్నె మీద గిన్నె పగలగొట్టాలనుకుని, ఉన్నవే మూడు గనక ఆగాను.

నీ అక్క


జాగ్రెబ్,
ఏప్రిల్ 9, 1999

అక్కా,

నీకు మతి పోయిందా? గట్టు మీద కూర్చుని ఈల వినడమేంటి? లాక్కురావద్దూ!

పందులు వెళ్లాయని వెళ్లాడా! పంది మడమతో తొక్కదని చెప్పు. పంది పారతో నేల చీల్చదని చెప్పు. నిన్న బండి నడుపుతూ ఈ సంగతే ఆలోచిస్తూ ఒక స్టాపు దాటేశాను. వెనక ముసలావిడ గొడుగుతో నా సీటు మీద కొట్టింది.

నేనిక ఊరుకోను. ప్రతి వారం ఆ ఆఫీసుకి వెళ్తాను. మా బావ లోపలికి వెళ్తున్నాడు, ప్రాణం మీదికొస్తుంది, వెంటనే శుభ్రం చేయండి అని చెప్తాను. పోలీసులకి చెప్పాల్సొస్తే అదీ చెప్తాను.

నా సగం నాకొద్దు. అడవి మొత్తం ముళ్ల తుప్పే అవనీ. బావ బతికి ఉంటే చాలు.

వింకో


స్టారిగాయ్,
జూన్ 20, 1999

వింకోకి,

నీ ఉత్తరం చదివాక రాయబుద్ధి కాలేదు, అందుకే ఇంతకాలం. 'నా సగం నాకొద్దు' అన్న మాట మీ బావకి చదివి వినిపించలేదు. నేను మాత్రం మింగలేకపోయాను. నాన్న ఆ చెట్ల కిందే మనిద్దర్నీ ఆడించాడు. ట్రామ్ పట్టాల మీద తిరిగేవాడికి అవి వద్దేమో. లాక్కురావద్దూ అంటావు. మీ బావ ఎంత బరువో మర్చిపోయావా?

పోలీసుల మాటెత్తావు గనక చెప్తున్నా. మాతియా ఆస్పత్రి నుంచి కర్రల మీద ఇంటికొచ్చిన వారమే వాళ్లొచ్చి, పలక దాటినందుకు కేసు రాసి వెళ్లారు. పాదం లేనివాడి మీద కేసు! మీ బావకి వచ్చే ఏడు డెబ్బై. ఆయన్ని స్టేషన్‌లో నిలబెడతావా? ఆ ఆఫీసులో మీ బావ పేరు గానీ మొక్కల సంగతి గానీ ఒక్క మాట పొక్కిందంటే నేను నీకు అక్కని కాదు. మన అమ్మ సమాధి మీద ఒట్టు పెడుతున్నాను. నేల శుభ్రం చేయమని అడుగు, అంతే. ఎందుకని అడిగితే పుట్టగొడుగులు ఏరుకోవడానికని చెప్పు.

మొక్కలు పట్టాయి. ఎన్నో ఎండిపోతాయనుకున్నాం, కొద్దిగానే పోయాయి. ఆకు మీద బూడిద తెగులు తెల్లగా కనపడుతోందిట, జింకలు కొన్నిటి తలలు కొరికాయిట. 'ట' అని రాస్తున్నానంటే నేను చూడలేదని అర్థం. మీ బావ చూస్తున్నాడు. మొక్కల కంటే గడ్డి ఎత్తు లేచిందని దాన్ని అణచడానికి వెళ్తున్నాడు. వద్దని ఏడ్చాను, తిట్టాను, బూట్లు దాచాను. మాతియా దగ్గర కుడికాలి బూటు అడిగి తెచ్చుకున్నాడు. వాడికి అది పనికి రాదుగా. ఎడమకాలికి నా రబ్బరు బూటు వేసుకుని వెళ్లాడు.

ఇప్పుడు వెళ్లేటప్పుడు చెప్పి వెళ్తున్నాడు. నేను గట్టు మీద మేజోళ్లు అల్లుతూ కూర్చుంటాను. మేజోళ్లు ఎవరికి కావాలో చెప్పు, చాలా ఉన్నాయి.

రూజ


జాగ్రెబ్,
మే 14, 2000

అక్కా,

సంతోషంగా చదువు ఈసారి!

ఏడాదిగా నేను ఆ కౌంటర్ దగ్గర అరిగిపోయాను. ఆవిడకి నా మొహం చూసి విసుగు పుట్టిందో జాలి పుట్టిందో, మొన్న లోపలికి పిలిచి కుర్చీ వేసింది. మన కాలవ పొడవునా గట్టు బాగుచేసే పని వస్తోందట, అందుకోసం ఆ పట్టీ అంతా ఈ శరత్కాలంలో శుభ్రం చేస్తారట. మన అడవి ఆ పట్టీ అంచునే ఉంది.

"మీ స్థలంలో చెట్లు నిలబడి ఉన్నాయా?" అని అడిగింది. "చెట్లుంటే మనుషులు మోకాళ్ల మీద పాకుతూ పుల్లలతో పొడిచి చూడాలి, ఏళ్లు పడుతుంది, ఈ విడతలో కుదరదు. ఖాళీ అయితే యంత్రం వస్తుంది, రెండు మూడు రోజుల పని."

నువ్వు పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. "చెట్లా? ఒక్కటీ లేదండి, అన్నీ కొట్టేశారు" అన్నాను. అబద్ధం కూడా కాదుగా, పెన్సిల్ పుల్లల్ని ఎవరు చెట్లంటారు. వెంటనే జాబితాలో మన స్థలం చేర్చింది. అక్టోబర్లో యంత్రం!

ఇక బావ ఈల వేసుకుంటూ కాదు, పాట పాడుకుంటూ వెళ్లొచ్చు. నువ్వు కూడా వెంట వెళ్లొచ్చు. 'నాకొద్దు' అన్న మాట భయంలో రాశాను. అది మరిచిపో.

నీ వింకో


స్టారిగాయ్,
ఆగస్టు 27, 2000

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను, మాతియా వాళ్లకి కూడా చదివి వినిపించాను. మళ్లీ రాయడానికి ఇంతకాలం పట్టిందేమంటే కోతలు, తర్వాత నా నడుం నొప్పి.

మీ బావ ముందు నమ్మలేదు. తర్వాత సెల్లార్లోంచి పాత సారా తీసి నీ పేరు చెప్పి ఒక గుక్క, నీ ట్రామ్ పేరు చెప్పి ఒక గుక్క తాగాడు. "మీ తమ్ముడికి నోరు తప్ప ఇంకేం లేదనుకున్నా" అన్నాడు. ఇంతకంటే పెద్ద పొగడ్త నేను ఈ ఇంట్లో వినలేదు.

"ఏం యంత్రమే అది?" అని అడిగాడు. టీవీలో చూశాంగా, కర్ర చివర పళ్లెం లాంటిది, ఇనుము ఉంటే కూస్తుంది, అదే అయి ఉంటుందని చెప్పాను. అంతేగా? పట్టుకున్నవాళ్లు మొక్కల్ని తొక్కేస్తారేమోనని ఆయన బెంగ. ఒక్కోదాని పక్కన ఒక పుల్ల గుచ్చి తెల్ల గుడ్డ పేలిక కట్టొచ్చాడు. నా పెళ్లినాటి దుప్పటి పోయింది అందుకు. గట్టు మీంచి మొదటిసారి నాకూ కనిపించాయి వింకో, తెల్లగా వరసలు వరసలుగా. మోకాలెత్తు వచ్చాయట, కొన్ని తొడ దాకా. ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి.

ఈ నెలంతా ఆయన ఎంత మంచిగా ఉన్నాడో. పొయ్యికి మూత చేశాడు.

నీ అక్క రూజ


జాగ్రెబ్,
సెప్టెంబరు 30, 2000

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావకి చూపించొద్దు, పూర్తిగా చదివేదాకా.

అది కర్ర చివర పళ్లెం కాదు. నీ ఉత్తరం చూడగానే ఆఫీసుకి వెళ్లి అడిగాను. ఆవిడ ఫోటో చూపించింది. ట్యాంకు లాంటి బండి. ముందు ఒక రోలరు, దానికి లావు గొలుసులు, గొలుసుల చివర ఇనప గుండ్లు. అవి తిరుగుతూ నేలని మూరెడు లోతు దాకా చితక్కొడుతూ పోతాయి, మందుపాతర ఉంటే అక్కడే పేలిపోవాలని. తర్వాత ఏం మిగులుతుందని అడిగాను. "దున్నిన పొలంలా ఉంటుందండి, చాలా శుభ్రంగా" అంది.

చెట్లున్నాయని ఇప్పుడు చెప్తానన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నా వంక చూసింది. "మేలో లేవన్నారు. ఆ నేల మీద ఎవరూ అడుగుపెట్టకూడదు. మరి మొక్కలెవరు నాటారు? నేను రాసుకోవాలా?" రాస్తే మన పట్టీ ఈ విడతలోంచి పోతుంది, బావ మీద కేసొస్తుంది, ఆయన మళ్లీ ఏళ్ల తరబడి ఆ పందుల దారినే తిరుగుతాడు. రాయకపోతే గొలుసులొస్తాయి. "వద్దులెండి" అని బయటికొచ్చాను. మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

బావకి చెబితే ఏం చేస్తాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పార పట్టుకుని లోపలికి వెళ్లి ఒక్కొక్కటీ తవ్వి తీస్తాడు. నాటడం ఒక ఎత్తు. రెండేళ్ల వేరు తవ్వాలంటే చుట్టూ ఎంత నేల కెలకాలి? చెప్పకపోతే ఆయన గట్టు మీద నిలబడి చూస్తాడు.

నేను ఆలోచించలేకపోతున్నాను. నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పు, నువ్వేది చేస్తే అది. సెలవు అడిగాను, ఇవ్వలేదు.

వింకో


స్టారిగాయ్,
నవంబరు 19, 2000

వింకో,

నీ ఉత్తరం సమయానికే అందింది. యంత్రం రావడానికి రెండు వారాల ముందు. అందలేదేమోనని నువ్వు పోస్టాఫీసుకి ఫోన్ చేసి యాగొదతో చెప్పించావుట, "యంత్రం వస్తోంది, లోపలివాటి సంగతి చూసుకోమను" అని. ఆవిడ "కోళ్లని లోపల పెట్టుకోమన్నాడు మీ తమ్ముడు" అని చెప్పింది. సరేనన్నాను.

ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకుని తిరిగాను. రొట్టె పిండి పిసుకుతుంటే అది జేబులో గరగరమనేది. మీ బావ ఎదురుగా కూర్చుని, పనివాళ్లకి చేపల పులుసు వండి పెడదామా, వాళ్లు పిడికెడు కారం తినగలరా అని అడిగేవాడు. చెప్పాలని నోరు తెరిచి, ఉప్పెంత వెయ్యను అని అడిగాను. రోజూ ఇంతే. చెప్పలేదురా.

వాళ్లొచ్చిన రోజు మీ బావ మంచి కోటు వేసుకుని గట్టు మీదికి వెళ్లాడు. లారీ మీంచి ఆ బండి దిగింది. దాని ముందు గొలుసులు చూశాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత పరిగెత్తి ఆ మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. పాతికేళ్ల కుర్రాడు, మర్యాద తెలిసినవాడు.

"బాబూ, అక్కడ మొక్కలున్నాయి. తెల్ల గుడ్డలు కట్టి ఉన్నాయి, చూడు."

"ఎవరు కట్టారు తాతా?"

నేను వెనక నుంచి మీ బావ కోటు పట్టుకున్నాను. ఆ కుర్రాడు మా ఇద్దరి వంకా చూశాడు, వాడికి అర్థమైంది. "నేనేమీ వినలేదు తాతా. కానీ బండి ఆపలేను. మీరు మేం కట్టిన తాడు ఇవతలే ఉండాలి" అన్నాడు.

ఇంటికి రమ్మంటే రాలేదు. చివరి దాకా నిలబడ్డాడు. గొలుసులు తిరుగుతుంటే మట్టి, బెరడు, గుడ్డ పేలికలు పైకి లేచి పడ్డాయి. రెండోరోజు ధామ్మని పేలింది, తర్వాత మళ్లీ, తర్వాత మళ్లీ. ఒకటి మొక్కల వరసల మధ్యే. అప్పుడు మాత్రం మీ బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ చోట నల్లగా కమిలి ఉంది.

ఇంటికొచ్చి నిన్ను తిట్టాడు. అన్నీ తిట్టాడు, నేను రాయను. "పట్నం గాడిద, యంత్రమంటే ఏంటో కూడా కనుక్కోలేదు" అన్నాడు. అది వినలేకపోయాను. జేబులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను.

"కనుక్కున్నాడు. రాశాడు. నేనే దాచాను."

చదివాడు. మళ్లీ చదివాడు.

"నాకు చెప్పి ఉంటే తీసుకొచ్చేవాణ్ణి" అన్నాడు.

"అందుకే చెప్పలేదు. వరసల మధ్య పేలింది చూశావుగా. అక్కడే కూర్చుని రొట్టె తిన్నావు."

"రెండేళ్లు దాని పక్కన తిరిగాను. నన్నేం చేయలేదుగా."

తర్వాత రోజులన్నీ కట్టెలు, పాలు, తలుపు వెయ్యి, అంతే మా మాటలు. పలక తీసేశారు. ఊరంతా అడవిలోకి వెళ్లి మొద్దులు తవ్వుకుంటోంది, మాతియా కూడా కర్రల మీద వెళ్తున్నాడు. నేను ఒకసారి వెళ్లాను. నేల మెత్తగా, పిండిలా ఉంది. ఎటు నడవాలో తెలియక వచ్చేశాను. మీ బావ ఆ వైపుకే పోడు. అటవీ శాఖ లారీ మొన్న మళ్లీ వచ్చింది, మొక్కలు కావాలా అని గుమ్మంలో అడిగారు. "ఇక్కడ నాటేవాళ్లెవరూ లేరు" అని చెప్పి తలుపేశాడు.

ఈవేళ ఆదివారం. చర్చి నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, నా వంక చూడకుండా అన్నాడు:

"వింకోకి రాయి. తప్పు వాడిది కాదని రాయి."

"నువ్వే రాయొచ్చుగా. ఎన్నాళ్లకో నీ చేతి రాత చూసి సంతోషిస్తాడు."

"నేను రాస్తే అబద్ధమవుతుంది" అన్నాడు. "నువ్వు రాయి."

అందుకని రాస్తున్నాను, తమ్ముడూ. తప్పు నీది కాదు.

రూజ